తాళాల గుత్తి మీ బొడ్డునే ఉండనివ్వండి: అరవై దాటిన ఆడవారికి

మా అత్తగారి కాలంలో ఇంటి పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే తాళాల గుత్తి ఎవరి బొడ్డున వేలాడుతున్నదో చూస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ గుత్తిలో బీరువా తాళం ఒక్కటే ఉండదు. బ్యాంకు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజు, ఏటీఎం కార్డు, ఫోను పిన్ను, డాక్టరు రాసిన చీటీ, చివరికి పొద్దున లేచి ఏం చేయాలన్న నిర్ణయం కూడా అందులోవే. అరవై దాటిన ఆడవారి చేతిలో నుంచి ఇవి ఒక్కొక్కటిగా జారిపోతాయి. చాలా ఇళ్ళలో వాటిని ఎవరూ లాక్కోరు. "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తిప్పలు, మేము చూసుకుంటాం కదా" అన్న ప్రేమ మాటతోనే అవి చేతులు మారతాయి. నేను 31 సంవత్సరాలు బ్యాంకులో పనిచేశాను. ఆరేళ్ళ క్రితం మావారు పోయిన తరువాత కాకినాడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కౌంటరుకు లోపలి వైపు కూర్చుని చూసినదీ, బయటి వైపు నిలబడి నేర్చుకున్నదీ కలిపి నా వయసు వారికోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కాగితాలు

భర్త ఉన్నవారు ఈ పని ఆయన ఉండగానే పూర్తి చేసుకోవాలి. అశుభం పలుకుతున్నానని ఆయన విసుక్కుంటే, మీ కోసం కాకుండా ఆయన కోసమే అడుగుతున్నట్టు మొదలుపెట్టండి. ముందు పోయేది మీరైతే గ్యాసు కనెక్షను ఎవరి పేరు మీద ఉన్నదో కూడా ఆయనకు తెలియదు కదా. ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి తీసుకుని, బ్యాంకు ఖాతాలు, డిపాజిట్లు, బీమా పాలసీలు, లాకరు, కరెంటు సర్వీసు నంబరు, పొలం ఉంటే పట్టాదారు పాసుపుస్తకం, ఇచ్చిన చేబదుళ్ళు, తెచ్చిన అప్పులు అన్నీ పేజీకి ఒకటి చొప్పున రాయండి. ప్రతి పేజీలోనూ మూడు సంగతులు తప్పనిసరిగా ఉండాలి: అది ఎవరి పేరు మీద ఉన్నది, నామినీ ఎవరు, అసలు కాగితం ఏ అరలో ఉన్నది. పిన్ను నంబర్లు మాత్రం ఆ పుస్తకంలో రాయకండి.

ఆ తరువాత పేర్లు సరిచూసుకోండి. మన ఆడవారికి పేర్లు ఒకటికి నాలుగు. బడి రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో అత్తింటి ఇంటిపేరు, రేషను కార్డులో పిలుపు పేరు, ఆధారులో ఇవన్నీ కలిసిన పొడవాటి పేరు. పుట్టినరోజు సంగతి చెప్పనే అక్కరలేదు. బడిలో చేర్చుకున్న మాస్టారి చలవ వల్ల మా తరంలో చాలామందిమి జూలై 1నే పుట్టాం. భర్త పెన్షను మంజూరు పత్రంలో భార్య పేరు లక్ష్మి అనీ, ఆధారులో వెంకట సుబ్బలక్ష్మి అనీ ఉంటే, ఆయన పోయిన తరువాత ఆ ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేసే పని, కళ్ళ తడి ఆరకముందే, ఆమె నెత్తిన పడుతుంది. ఆయన ఉండగా ఒక సంతకంతో పోయే పొరపాటుకు ఆ తరువాత అఫిడవిట్లు, సాక్షులు, నెలల తరబడి తిరుగుళ్ళు అవసరమవుతాయి. ఇలా తిరిగిన ఆడవారిని నేను కౌంటరు లోపలి నుంచి ఎందరినో చూశాను. వారికి కుర్చీ వేసి కూర్చోబెట్టడం తప్ప చాలాసార్లు నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

నామినీ అంటే వారసుడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పే పేరు మాత్రమే అది; ఆ డబ్బు చివరికి ఎవరికి చెందుతుందో వీలునామా గానీ వారసత్వ చట్టం గానీ తేలుస్తుంది. 2025 నవంబరు 1 నుంచి ఒక్కో బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల వరకు పెట్టుకోవచ్చు, ఎవరి వాటా ఎంతో కూడా రాయవచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉన్న తల్లులకు ఇది మంచి సదుపాయం.

పెన్షను వచ్చేవారు ఏడాదికి ఒకసారి బతికి ఉన్నామని నిరూపించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు అది నవంబరులో ఉంటుంది. ఎనభై దాటిన వారికి అక్టోబరు 1 నుంచే వీలు కల్పించారు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చిన తరువాత కాగితం బదులు వేలిముద్ర సరిపోతోంది, కాని అంట్లు తోమి, పిండి రుబ్బి, ఆవకాయలు కలిపిన వేళ్ళకు గీతలు ఎక్కడ మిగులుతాయి? మొదటి ఏడాది నా కుడిచేతి చూపుడు వేలిని ఆ యంత్రం పట్టుబట్టి తిరస్కరించింది. వెనక నిలబడిన ఒక పెద్దావిడ తన తడి రుమాలుతో నా వేళ్ళు తుడిచి, "ఉంగరం వేలు పెట్టండమ్మా, దానికి పని తక్కువ" అన్నారు. ఒక్కసారికే తీసుకుంది. అది కూడా పనిచేయకపోతే దిగులు పడవలసిన పని లేదు. 2021 నుంచి స్మార్ట్ ఫోనులో ముఖం చూపించి కూడా ఈ పని చేయవచ్చు, కదలలేని వారికి పోస్టుమాను కొద్దిపాటి రుసుము తీసుకుని ఇంటికే వచ్చి చేసిపెడతారు.

ఉద్యోగం, పెన్షను లేని ఇళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధులకూ వితంతువులకూ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు ఇంటి గుమ్మం దగ్గరే ఇస్తున్నారు. ఆ డబ్బు తీసుకున్నది మీరైతే, ఖర్చు పెట్టేది కూడా మీరే కావాలి.

ఇల్లు ఎవరికి, ఎప్పుడు

గుత్తిలో అన్నిటికన్నా బరువైన తాళం ఇల్లు. "ఎలాగూ వాడికే కదా, ఇప్పుడే రాసేస్తే పోలా" అనే మాట బయటివారు అనరు. అలసిపోయిన రోజున మనమే అనుకుంటాం. నా సలహా సూటిగా చెబుతాను: బతికి ఉండగా ఉన్న ఒక్క ఇంటినీ గిఫ్టు దస్తావేజు రాసి ఇచ్చేయకండి, వీలునామా రాయండి. గిఫ్టు దస్తావేజు రిజిస్టరైన క్షణం నుంచి ఆ ఇల్లు మీది కాదు. వీలునామా మీరు కన్నుమూసిన తరువాతనే పనిచేస్తుంది, ఈలోగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మీరు సంతకం చేయగా చూసిన ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తే చాలు. అయినా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవడం మంచిది, ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం ఇంకా మంచిది.

గిఫ్టుగానే ఇవ్వక తప్పని పరిస్థితి వస్తే, తిండి, నివాసం, వైద్యం చూసుకోవాలనే షరతును ఆ దస్తావేజులోనే అక్షరాలా రాయించండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, అలాంటి షరతుతో ఆస్తి పొందినవారు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయమని, ఆ చట్టం కింద ఇలాంటి అర్జీలు విచారించే ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. షరతు నోటి మాటగా ఉండిపోతే, అది ఉన్నదని నిరూపించుకోవడానికే ఏళ్ళు గడిచిపోతాయి. మన రాష్ట్రాలలో ఆ ట్రిబ్యునల్‌ను నడిపేది ఆర్డీవో. పోషించని పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల వరకు భరణం ఇప్పించే అధికారం కూడా ఆ చట్టం దానికి ఇచ్చింది. కన్నబిడ్డ మీద అర్జీ పెట్టడం ఏ తల్లికీ ఇష్టంగా ఉండదు. ఆ గడప దాకా పోకముందు ఒక సలహా కావాలన్నా, ఎవరితోనైనా చెప్పుకోవాలన్నా 14567 నంబరుకు ఫోను చేయండి, అది వృద్ధుల కోసమే పెట్టిన సహాయ కేంద్రం.

పిల్లలు లేని ఆడవారికి వీలునామా మరింత అవసరం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆస్తికి మీరే పూర్తి యజమాని, ఎవరికైనా రాసుకోవచ్చు. రాయకుండా పోతే మాత్రం, భర్తా పిల్లలూ లేని స్త్రీ తన రెక్కల కష్టంతో కొనుక్కున్న ఆస్తి ముందుగా భర్త వారసులకు, అంటే మరుదులకో వారి పిల్లలకో వెళుతుంది. పుట్టింటివారి వంతు ఆ తరువాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినది మాత్రమే తండ్రి వైపు తిరిగి వెళుతుంది. ముసలితనంలో దగ్గర ఉండి చూసుకున్న చెల్లెలి కూతురికి ఒక్క గది కూడా దక్కకపోవడం మా వీధిలోనే జరిగింది. రెండు పేజీల కాగితం ఉంటే అలా జరిగేది కాదు.

ఫోను గురించి ఒకే ఒక మాట. పోలీసులమనీ సీబీఐ అనీ వీడియో కాల్ చేసి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశామని ఎవరు చెప్పినా అది దొంగ ఫోనే. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబరు మోసాల సహాయ నంబరు 1930కి చెప్పండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. సిగ్గుపడి పిల్లల దగ్గర దాచినవారే ఎక్కువగా నష్టపోతున్నారు.

ఒంటి సంగతి

నెలసరి ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గిపోవడం వల్ల ఆడవారి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మణికట్టు, వెన్ను, తుంటి ఎముకలు విరిగేది ఇందువల్లనే. నెలసరి ఆగిన స్త్రీలకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది. మనవాళ్ళు రాగిజావ తాగి ఆ లెక్క తీరిపోయిందనుకుంటారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే కాని, ఒక గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి. అరలీటరు పాలు లేదా పెరుగు రోజూ ఒంటికి చేరితే సగం లెక్క తీరుతుంది. మిగిలినది పొట్టు తీయని నువ్వులు, మునగాకు, రాగులు భర్తీ చేస్తాయి; చేపలు తినేవారికి ముళ్ళతో సహా తినే చిన్న చేపలు కూడా. పెరుగు మనవళ్ళకు వేసి మజ్జిగ నీళ్ళు తాను పోసుకునే అలవాటును ఇకనైనా మానండి. మాత్రలు, డి విటమిన్ ఎంత కావాలో డాక్టరు చెప్పాలి.

ఎముక ఎంత బలంగా ఉన్నా, పడకపోవడమే అసలు వైద్యం. ఇంట్లో పడేది ఎక్కువగా స్నానాల గదిలోనూ అటక కిందనూ. కమోడు పక్కన, స్నానం చేసేచోట గోడకు డ్రిల్లు వేసి బిగించిన పట్టుకడ్డీలు పెట్టించండి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు, అది ఊడి చేతిలోకి వస్తుంది. పీట మీద కాకుండా మోకాలి ఎత్తు స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. ఒంటరిగా ఉండేవారు స్నానాల గది లోపలి గడియ పెట్టుకోకూడదు, వీధి తలుపు మారు తాళం నమ్మకమైన ఇరుగుపొరుగు దగ్గర ఉంచాలి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు రాత్రి మెలకువ రాగానే లేచి నడవకుండా, మంచం అంచున కాళ్ళు వేలాడేసి ఇరవై అంకెలు లెక్కపెట్టి అప్పుడు లేవాలి. ఇక అటక మీది ఇత్తడి గుండిగలు సంక్రాంతికి దింపకపోతే పండుగ ఆగిపోదు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఒకసారి స్టూలు ఒరిగి, గుండిగ ముందూ నేను వెనకా వచ్చాం. గుండిగకు సొట్ట పడింది, నాకు పడలేదు, అది నా అదృష్టం.

ఆడవారు ఆడవారితో కూడా చెప్పుకోని సంగతులు రెండు ఉన్నాయి. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత ఎప్పుడైనా రక్తం కనబడితే, అది ఒక్క చుక్క అయినా, నొప్పి లేకపోయినా, వెంటనే స్త్రీల వైద్యురాలిని కలవాలి. చాలాసార్లు అది చిన్న కారణమే అవుతుంది, కొన్నిసార్లు గర్భాశయ కేన్సరుకు మొదటి గుర్తు అవుతుంది. ఏదో తెలుసుకోవలసింది పరీక్షతోనే గాని ఊహతో కాదు. రెండవది, దగ్గినా నవ్వినా మూత్రం చుక్కలుగా పడడం. దీని వల్ల పెళ్ళిళ్ళకు పోవడం మానేసినవారు, దారిలో ఇబ్బంది అవుతుందని నీళ్ళు తాగడం మానేసి రోగం తెచ్చుకున్నవారు నాకు తెలుసు. మూత్రాన్ని మధ్యలో ఆపుతున్నట్టుగా ఆ కండరాలను బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు, పూటకు ఒకసారి చొప్పున మూడు పూటలా, మూడు నెలల పాటు చేస్తే చాలామందికి గుణం కనబడుతుంది. కూర్చుని కూరగాయలు తరుగుతూ చేసుకోవచ్చు, పక్కవారికి తెలియదు కూడా.

కళ్ళు, చెవులు, పళ్ళు ఏడాదికి ఒకసారి చూపించుకోండి. డెబ్బై నిండిన వారికి, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. జబ్బు చేసిన తరువాత కాకుండా ముందే తీసుకోండి.

పిల్లల ఇంట్లో

పెద్దతనంలో తెలుగు ఆడవారికి వచ్చే కొత్త ఉద్యోగం అమెరికాలో పురుడు పోయడం. సందర్శక వీసా మీద వెళ్ళినవారిని సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. అమ్మ వెళ్ళి వచ్చాక వియ్యపురాలు, ఆవిడ వచ్చాక మళ్ళీ అమ్మ, ఇలా వంతులు నడుస్తాయి. మనవరాలిని నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసే సుఖం మరెందులోనూ లేదు, దానికోసం ఎంత దూరమైనా పోవచ్చు. కాని ఇంటి పని అంతా మీదపడి, బయట మంచు, నడవడానికి తోడు లేక, నాలుగో నెలకు గోడలు చూస్తూ ఏడ్చిన తల్లులు కూడా ఉన్నారు. టికెట్టు కొనకముందే తిరిగి వచ్చే తేదీ ఖాయం చేసుకోండి. బీమా పాలసీ తీసుకునేటప్పుడు, ఇప్పటికే ఉన్న చక్కెర, రక్తపోటు, గుండె జబ్బులకు అది ఎంతవరకు చెల్లిస్తుందో చదివించుకుని వినండి, చౌక పాలసీలు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాయి. మందులు, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో ఉండాలి.

పనికి హద్దు పెట్టడం అన్నిటికన్నా కష్టం. కోపం వచ్చేదాకా ఆగి చెప్పేకన్నా, వెళ్ళిన మొదటి వారంలోనే నవ్వుతూ చెప్పాలి. రెండోసారి డల్లాస్ వెళ్ళినప్పుడు మా అమ్మాయితో, "తల్లీ, శని ఆదివారాలు వంటింట్లోకి నేను రాను, నాకూ సెలవే" అన్నాను. అది ఒక క్షణం నా వైపు చూసి, "అదేంటమ్మా, అలసిపోతున్నట్టు ముందే చెప్పలేదేం?" అంది. ఆ శనివారం అల్లుడు పప్పుచారు పెట్టాడు. పులుపు పళ్ళు జివ్వుమనిపించింది, "ఎలా ఉంది అత్తయ్యగారూ?" అంటే బాగుందని రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

ఇక్కడే కొడుకు ఇంట్లో ఉండేవారికి కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. మీకంటూ ఒక గది లేకపోతే ఒక మూల, ఒక బీరువా అర, రోజులో మీదైన ఒక గంట అడిగి తీసుకోండి. కోడలి వంటకు వంక పెట్టకపోవడం ఆ గంటకు మీరు చెల్లించే అద్దె అనుకోండి.

మిగిలిన గంటలు

ఈ వయసులో దొరికే అసలైన సంపద కాలం. జీవితంలో మొదటిసారి క్యారేజీ కట్టనవసరం లేని ఉదయం వస్తుంది, దానితో ఏం చేయాలో తెలియక మొదట భయం వేస్తుంది. ఒక్కరి కోసం వండుకోవడం దండగని ముందురోజు అన్నంతో సరిపెట్టుకునేవారికి నేను చెప్పేది, చిన్న కుక్కరు ఒకటి కొనుక్కోండి, వంకాయలు రెండే కొనండి, కాని గుత్తి వంకాయే వండుకోండి.

భర్త పోయినవారికి పండుగలు మరొక పరీక్ష. శ్రావణ మాసంలో పక్కింటికి పేరంటపు పిలుపు వచ్చి మన గుమ్మం దాటిపోతుంది. మా ఊరికి బస్సు దూరంలో ఉన్న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న; ఆ పనికి డబ్బుతో అండగా నిలిచినవారు మా కాకినాడ పైడా రామకృష్ణయ్య. పెళ్ళికే అప్పుడు ఒప్పుకున్న గడ్డ మీద ఇప్పటికీ ఒక పండూ తాంబూలమూ ఇవ్వడానికి తటపటాయించడం నాకు అర్థం కాదు. పిలవనివారిని మార్చడం మన చేతిలో లేదు, పిలవడం మన చేతిలో ఉన్నది. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టి వీధిలోని ఆడవారందరినీ పిలుస్తున్నాను. మొదటి ఏడాది ఐదుగురు వచ్చారు, ఒకరిద్దరు తాంబూలం తీసుకోకుండా వెళ్ళారు. రెండో ఏడాది కొలువు చూడడానికి పిల్లలు పరుగెత్తుకొచ్చారు, వారి వెనకే అమ్మలూ వచ్చారు.

ఇక తిరగడం. ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైంది, మన ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి అమలవుతోంది. రైలులో వృద్ధులకు ఉన్న రాయితీని 2020 మార్చిలో తీసేసిన తరువాత ఇదొక్కటే మాకు ఊరట. రైలులో కింది బెర్తు కోటా మాత్రం 45 దాటిన స్త్రీలకు ఇప్పటికీ ఉన్నది, టికెట్టు తీసేటప్పుడు అడగండి. బస్సు ఎక్కేటప్పుడు ఆధారు కార్డు దగ్గర ఉంచుకోండి. డబ్బు ఇవ్వకపోయినా కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు తీసుకోవాలి, దిగేదాకా పారేయకూడదు. నలుగురు కలిసి వెళ్ళండి. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి కళ్ళు బాగుంటాయి కాబట్టి మెట్లూ బోర్డులూ రెండూ గడుస్తాయి. మేము కార్తీక సోమవారం సామర్లకోట, ద్రాక్షారామం భీమేశ్వరుల దగ్గరకు పోతాం. దేవుడి పని లేని గురువారాల్లో ఉప్పాడ పోయి, కొనకపోయినా జాందానీ చీరలు మగ్గం మీద నేస్తుంటే చూసి వస్తాం. మరమరాల ఉండలు, నీళ్ళ సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి. బీచ్ రోడ్డు మీదుగా పోయే బస్సు దొరికితే పోయేటప్పుడు కుడివైపు కిటికీ పక్క సీటు పట్టుకోండి, సముద్రం అటువైపే ఉంటుంది.